మా ఇంటి రెండో కార్డు

విదేశయానానికి సిద్ధమవుతున్న విశ్రాంత ఉపాధ్యాయ మిత్రులు ఈ మధ్య నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "మాస్టారూ, అక్కడ డబ్బు సంగతి ఎలా? నోట్లు పట్టుకెళ్ళాలా, కార్డు చాలునా?" అని. 2024 మే, జూన్ నెలలలో నేనూ మా ఆవిడా లండనులో మా అమ్మాయి ఇంట ఆరు వారాలు ఉండి, మధ్యలో మూడు రోజులు పారిస్ చూసి వచ్చాము. నేను తెలుగు పండితుణ్ణి. బ్యాంకు విద్యలో నాకు ఏ పట్టమూ లేదు. ఐనా పెన్షను మీద బ్రతికేవాడు ప్రతి రూపాయికీ వ్యుత్పత్తి అడుగుతాడు కనుక, అడిగి తెలుసుకున్నదీ అనుభవంలో చూసినదీ ఈ టపాలో వ్రాస్తున్నాను.

నా సమాధానం ముందే చెబుతాను. ఒక కార్డు చాలదు. దంపతులిద్దరూ వెళ్తున్నట్లయితే ఆయన పేర ఒకటి, ఆమె పేర ఒకటి ఉండవలసిందే. ఆయన కార్డు ఆమె చేతిసంచిలో ఉండడం వేరు, ఆమె కార్డు ఆమె చేతిలో ఉండడం వేరు.

ఈ మాట మొదట మా అమ్మాయి చెప్పింది. ప్రయాణానికి నెల రోజుల ముందు ఫోను చేసి, "నాన్నా, అమ్మకు వేరే కార్డు తీసుకోండి. ఇక్కడ ఒక కార్డు మీద ఇద్దరు ఎక్కడానికి లేదు" అన్నది. లండను బస్సులలో 2014 జూలై నుంచి నగదు పుచ్చుకోవడం మానివేశారు. కండక్టరు ఉండడు, టిక్కెట్టు ఉండదు. ఎక్కగానే డ్రైవరు పక్కన ఉన్న పసుపుపచ్చని గుండ్రని పలకకు కార్డు తాకించాలి, అంతే. ట్యూబు అని వాళ్ళు పిలుచుకొనే భూగర్భ రైలులోనైతే లోపలికి పోయేటప్పుడు ఒకసారి, వెలుపలికి వచ్చేటప్పుడు ఒకసారి తాకించాలి. వెలుపల తాకించడం మరచిపోతే ఎంత దూరం వెళ్ళామో దానికి తెలియదు కనుక పెద్ద ఛార్జీ వేస్తుంది. ఎవరు ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగారో లెక్కకట్టేది కార్డును బట్టియే. కాబట్టి ఒక మనిషికి ఒక కార్డు. భార్యాభర్తలు ఏకశరీరులన్న మన సిద్ధాంతం ఆ పలకకు బోధపడదు.

ఆయిస్టర్ అని అక్కడి ప్రయాణపు కార్డు ఒకటి ఉన్నది. ఆ సంవత్సరం దాని వెల 7 పౌండ్లు. అది అమ్మాయి కొని డబ్బు నింపి ఇవ్వగలదు. ఆ సంగతి చెబితే మా ఆవిడ ఒప్పుకోలేదు. "అది బస్సులో తాకించిన ప్రతిసారీ నాకు కూతురి డబ్బే గుర్తొస్తుంది. ఎటు వెళ్ళాలన్నా నాలుగుసార్లు ఆలోచిస్తాను" అన్నది. పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చిన తల్లిదండ్రులకు ఈ మాట విడమర్చి చెప్పనక్కరలేదు.

అలా మేమిద్దరమూ తెనాలిలో మా పెన్షను ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్ళాము. ఖాతా ఇద్దరి పేరనే ఉన్నది, ఎవరైనా తీసుకోవచ్చునన్న షరతుతో. అటువంటి ఖాతాలో ఇద్దరికీ చెరొక కార్డు ఇస్తారు. కౌంటరులో ఉన్న అబ్బాయి ఆమె దరఖాస్తు చూసి, నా వంక తిరిగి, "అమ్మగారికెందుకండీ, మీ కార్డుంది కదా, అదే ఇద్దరూ వాడుకోండి" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా ఆవిడే, "నేను బస్సెక్కాలి బాబూ" అన్నది. ఆ సమాధానంతో అతడికి ఏమి అర్థమైనదో గాని దరఖాస్తు మాత్రం పుచ్చుకున్నాడు.

ఇక్కడ ఒక మెలకువ. పెన్షను ఖాతాలకు తరచుగా ఇచ్చేది మన దేశంలో మాత్రమే చెల్లే రూపే కార్డు. రూపేలోనే విదేశాలలో చెల్లే రకం వేరే ఉన్నది. ఏది ఇస్తున్నారో అడిగి తీసుకోవాలి. మాకు వీసా కార్డులు ఇచ్చారు. "దేశంలోకి రానివ్వడానికొక వీసా, వచ్చాక కొనుక్కోవడానికొక వీసానా?" అన్నది మా ఆవిడ. ఆ సంస్థ అమెరికాలో మరో పేరుతో పుట్టి 1976లో ఈ పేరు పెట్టుకున్నది. నా చెవికి మాత్రం అది మన వీసం లాగానే వినిపిస్తుంది. పదహారింట ఒక వంతు. పౌండ్లలో ఖర్చు పెట్టేటప్పుడు మన పెన్షను అంతలోకే వస్తుంది.

కార్డుకు నాలుగంకెల పిన్ పెట్టుకోవాలి. పుట్టినరోజు, పెళ్ళిరోజు పెట్టుకోవద్దని చెప్పాను. కాగితం మీద వ్రాసి కార్డుతో పాటు దాచుకోవద్దనీ చెప్పాను. "మరి గుర్తుండేదెట్లా?" అన్నది. మన పూర్వులు శాసనాలలో సంవత్సరాలు చెప్పడానికి వాడిన భూతసంఖ్యలు ఉన్నవి కదా! చంద్రుడంటే ఒకటి, నేత్రాలంటే రెండు, వేదాలంటే నాలుగు, బాణాలంటే ఐదు, ఋతువులంటే ఆరు, గగనమంటే సున్న. నాలుగు మాటలు కలిపి ఒక ముక్క అల్లుకుంటే దొంగకు తెలియదు, మనకు మరపు రాదు. నలభై ఏళ్ళుగా నా పాఠాలు వంటింట్లోంచి వింటున్న మనిషి కనుక ఆవిడకు ఇది కొత్త కాదు. ఏటీఎం గదిలో నన్ను బయట నిలబెట్టి పిన్ పెట్టుకొని వచ్చింది. ఏమి అల్లుకున్నావని అడిగితే నవ్వి ఊరుకున్నది. నాకు ఈ రోజుకూ తెలియదు.

పిన్ పెట్టినంత మాత్రాన కార్డు విదేశంలో పలకదు. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నియమం ప్రకారం, ఆ అక్టోబరు 1 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశపు ఏటీఎంలలోనూ దుకాణాల మిషన్లలోనూ మాత్రమే పనిచేస్తాయి. విదేశీ వాడకం, తాకించి చెల్లించే వాడకం, ఇంటర్నెట్‌లో వాడకం, ఈ మూడూ మూసిన తలుపులే. బ్యాంకు యాప్‌లోనో ఏటీఎంలోనో మనమే ఒక్కొక్కటీ తెరచుకోవాలి, రోజుకు ఇంత అని హద్దు కూడా పెట్టుకోవచ్చు. మేము మొదటి రెండూ తెరిచాము. మూడవది తెరవలేదు. ఎందుకంటే పరదేశపు వెబ్‌సైట్లు చాలావరకు మనవాటిలాగా ఓటీపీ అడగవు. కార్డు మీది అంకెలు తెలిస్తే చాలు, పని జరిగిపోతుంది. కొన్ని కొత్త కార్డులు ఒకసారి పిన్ నొక్కి వాడితే తప్ప తాకిస్తే పలకవట. అందుకని మా ఆవిడ మా వీధి చివరి దుకాణంలో కందిపప్పు, బెల్లం కొని పిన్ నొక్కి ప్రారంభోత్సవం చేసింది.

ఇక డబ్బు లెక్కకు వస్తాను. పరదేశంలో కార్డు వాడితే బ్యాంకు మారకపు రేటు మీద కొంత అదనంగా పుచ్చుకుంటుంది. ఇంగ్లీషులో మార్కప్ అంటారు. దీనికి మన భాషలో చక్కని పాత మాట ఉన్నది. వట్టం. కాశీయాత్రకు పోయే మన వాళ్ళకు రాజ్యం మారితే నాణెం మారేది. ఈ నాణెం ఇచ్చి ఆ నాణెం పుచ్చుకొనేటప్పుడు షరాబు తీసుకొనే తరుగే వట్టం. దారిలో దొంగల భయానికి రొక్కం మోయకుండా ఇక్కడి సాహుకారు దగ్గర కట్టి అక్కడి సాహుకారు దగ్గర పుచ్చుకొనే కాగితం హుండీ. ఇప్పుడు హుండీ అంటే దేవుడి పెట్టె అనే అందరికీ తోస్తుంది గాని, ఇలాంటి దేశీయ హుండీల వాడుకలను 1881 నాటి చట్టం కూడా ముట్టుకోకుండా స్థానికాచారానికే వదిలింది. ఈ కార్డు ఆ హుండీకి మునిమనవడు. వట్టం మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే.

మన బ్యాంకులు వేసే వట్టం కార్డును బట్టి సాధారణంగా 2 నుంచి 3.5 శాతం దాకా ఉంటుంది. అసలు వేయని కార్డులూ కొన్ని ఉన్నాయి. మా కార్డుకు మూడున్నర. నూరు రూపాయల కొనుగోలుకు మూడున్నర రూపాయల వట్టం, ఆ వట్టం మీద 18 శాతం జీఎస్టీ, అంటే 63 పైసలు. వెరసి 4 రూపాయల 13 పైసలు. పదివేలు ఖర్చు పెడితే 413 రూపాయలు. ఏటీఎంలో నోట్లు తీస్తే దీనికి తోడు తీసిన ప్రతిసారీ బ్యాంకు వేసే రుసుము వేరు, కొన్నిచోట్ల ఆ మిషను సొంతదారు రుసుము వేరు. అందుచేత కొంచెం కొంచెంగా పదిసార్లు తీయడం కంటె ఒకసారి తీయడం మేలు. క్రెడిట్ కార్డుతో మాత్రం నోట్లు తీయరాదు, తీసిన రోజు నుంచే వడ్డీ. హోటలు గదికి, అద్దె కారుకు మటుకు క్రెడిట్ కార్డే మంచిది. వాళ్ళు హామీగా కొంత మొత్తం పట్టి ఉంచుతారు. డెబిట్ కార్డైతే ఆ పట్టుబడేది మన ఖాతాలోని అసలు డబ్బు, విడిచేదాకా చేతికి రాదు.

మా అమ్మాయి ఉండేది హౌన్స్లోలో. హీత్రూ విమానాశ్రయానికి దగ్గర, విమానాలు ఇంటికప్పు రాసుకుంటూ పోతున్నట్టు ఉంటాయి. మొదటి రెండు రోజులు మా ఆవిడ నా వెనకనే బస్సెక్కి, నేను తాకించిన తరువాత తాకించేది. మూడవరోజు నుంచి ముందు తానే ఎక్కింది. ఆకుపచ్చ దీపం వెలిగి చప్పుడు వచ్చేదాకా ఆగి, డ్రైవరుకు తల పంకించి లోపలికి పోయేది. బస్సుకు అప్పుడు ఒకటి ముప్పావు పౌండ్లు. గంటలోగా మరో బస్సెక్కితే మళ్ళీ ఛార్జీ లేదు. రోజుకు ఇంత, వారానికి ఇంత అని గరిష్ఠం కూడా ఉన్నది. ఎన్నిసార్లు తిరిగినా అది దాటి వేయరు, ఐతే అన్నిసార్లూ అదే కార్డు తాకించాలి. ఒకసారి కార్డు, ఒకసారి ఫోను తాకిస్తే వాటిని రెండుగా లెక్కవేస్తారు. రోజంతటి ప్రయాణాలూ కలిపి ఒకే పద్దుగా తరువాత ఖాతాలో పడతాయి. ఈ పద్ధతి నాకు నచ్చింది. ప్రభుత్వ రవాణా సంస్థ ప్రయాణికుడి పక్షాన లెక్కకట్టడం మెచ్చుకోదగినదే.

నాలుగవ వారంలో ఒక బుధవారం నాకు జ్వరం వచ్చింది. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు వెళ్ళారు. మేము తెచ్చుకున్న మాత్రలు అయిపోయినాయి. గొంతు వాచి మాట పెగలడం లేదు. అమ్మాయికి ఫోను చెయ్యనా అని సైగ చేశాను. "పని మానుకొని పరుగెత్తుకొస్తుంది, వద్దు" అని మా ఆవిడ చెప్పులు వేసుకున్నది. ఆరు దశాబ్దాల జీవితంలో పరాయిదేశపు వీధిలోకి ఒంటరిగా పోవడం ఆమెకు అదే మొదలు. ఇంగ్లీషు చదవగలదు గాని మాట్లాడడానికి సంకోచం. నేను మంచం మీద కిటికీ వైపు తిరిగి పడుకున్నాను. గడియారం చూడకూడదనుకొని చూస్తూనే ఉన్నాను.

అరగంట గడచిన తరువాత నా ఫోను మోగింది. బ్యాంకు సందేశం. మా ఉమ్మడి ఖాతాకు నమోదైనది నా నంబరే కనుక, ఆమె కార్డు ఎక్కడ వాడినా కబురు నాకు వస్తుంది. ఫలానా మందుల దుకాణంలో ఎనిమిది పౌండ్ల చిల్లర ఖర్చైనదని దాని సారాంశం. అంటే బస్సు దొరికింది. దిగవలసిన చోట దిగింది. దుకాణం కనబడింది. అడగవలసింది అడిగింది. డబ్బు చెల్లింది. ఒక్క పంక్తిలో ఇన్ని సంగతులు తెలిసినాయి. జీవితమంతా ప్రతిపదార్థాలు చెప్పినవాణ్ణి, అంత తృప్తిగా మరే వాక్యానికీ చెప్పుకొని ఉండను.

పారాసిటమాల్ మాత్రలు, గొంతులో చప్పరించే బిళ్ళలు, ఒక థర్మామీటరు తెచ్చింది. వచ్చి నాకు జ్వరం చూస్తూ, "నేను దుకాణంలో ఉన్నట్టు మీకెట్లా తెలిసింది?" అని అడిగింది. సందేశం చూపాను. చదివి కాసేపు మాట్లాడలేదు. "అంటే నేను ఎక్కడేం కొన్నా మీ ఫోను మోగుతుందన్నమాట" అన్నది. కోపం కాదు, ఆశ్చర్యమూ కాదు. లెక్కలో ఒక అంకె కొత్తగా కనబడినప్పటి గొంతు.

పారిస్‌లో జరిగిన దొకటి చెప్పాలి, ఇది అందరికీ పనికివచ్చేది. మోంమార్త్ర్ గుట్ట దగ్గర ఒక చిన్న దుకాణంలో తన చెల్లెలికని 40 యూరోల శాలువా కొన్నది. కార్డు పెట్టగానే మిషను అద్దంలో రెండు వరసలు కనిపించాయి. ఒకటి 40 యూరోలు. రెండవది మన రూపాయలలో, 3,800 పైన. ఏది కావాలో నొక్కమంటుంది. దుకాణంలోని పిల్ల మర్యాదగా నవ్వుతూ రూపాయల వైపే వేలు చూపింది. ఆ రోజుల్లో యూరో 90 రూపాయల చిల్లర, అంటే శాలువా అసలు వెల సుమారు 3,600. మా బ్యాంకు వట్టం కలిపినా 3,750 దాటదు. రూపాయలలో చెల్లించేటప్పుడు రేటు కట్టేది మన బ్యాంకు కాదు, ఆ మిషను వెనక ఉన్న మరో షరాబు. వాడి వట్టం వాడి ఇష్టం. పైగా అలా రూపాయలలో చెల్లించినా, విదేశపు దుకాణం కనుక మరో శాతం వేసే బ్యాంకులూ మన దేశంలో ఉన్నాయి. ఏది కోరుకోవాలన్నది కొనేవారి హక్కు, దుకాణదారు నిర్ణయించడానికి వీలులేదు. ఏటీఎంలలోనూ ఇదే ప్రశ్న మరో వేషంలో వస్తుంది, మా మారకపు రేటుకు ఒప్పుకుంటారా అని. ఒప్పుకోమనాలి. ఒప్పుకోకపోయినా నోట్లు వస్తాయి.

మా ఆవిడ ఒక్క క్షణం చూసి యూరోల మీద నొక్కింది. బయటికి వచ్చిన తరువాత, "పరదేశంలో మన రూపాయి పేరు కనబడితే ప్రాణం లేచివస్తుంది కదండీ. అందుకే అక్కడ పెట్టారు" అన్నది. ఆమె కనిపెట్టిన ఈ సంగతి నాకు తట్టలేదు. నేను శాతాలే లెక్కవేశాను.

తక్కినవి గబగబ చెబుతాను. ఇద్దరి కార్డులూ ఒకే సంచిలో పెట్టకండి. బ్యాంకు నంబరు కార్డు వెనక మాత్రమే ఉంటే కార్డు పోయినప్పుడు నంబరూ పోతుంది, వేరే చోట వ్రాసుకోండి. పోయిందని తెలిసిన నిమిషంలో యాప్‌లో నిలిపివేయవచ్చు. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడవవాడు చేసిన మోసమైతే, కబురు అందిన మూడు పనిదినాల లోపల ఫిర్యాదు చేస్తే మనకు నష్టం అంటకూడదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఆదేశించింది. ఇండియా సిమ్‌ను రోమింగులో బ్రతికించి ఉంచండి, అది లేకపోతే ఈ కబుర్లు రావు. పన్ను గురించి భయపడేవారికి: డెబిట్ కార్డు ఖర్చు విదేశాలకు పంపే సొమ్ము లెక్కలోకి వస్తుంది గాని, 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షలు దాటితేనే ముందస్తు పన్ను పట్టుకుంటారు. క్రెడిట్ కార్డు ఖర్చును ఇందులో చేర్చే ఆలోచనను 2023 జూన్‌లో కేంద్రం వాయిదా వేసింది. మాబోటి పెన్షనుదారులకు ఆ పది లక్షల గడప కనుచూపు మేరలో లేదు. ఈఫిల్ గోపురం టిక్కెట్లకు మన యూపీఐ చెల్లేటట్టు 2024 ఫిబ్రవరిలో ఏర్పాటు చేశారు. అది చూసి పారిస్ అంతటా ఫోనుతో గడిచిపోతుందనుకొని బయలుదేరకండి.

ఇంటికి వచ్చిన మరునాడు విదేశీ వాడకపు తలుపు మూసివేయమని ఆవిడకు చెప్పాను. "విమానాశ్రయంలోనే మూసేశాను" అన్నది.

నెల తిరగకుండా మళ్ళీ బ్యాంకుకు వెళ్ళింది, ఈసారి ఒక్కతే. కొల్లూరు దగ్గర పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన ముప్పావు ఎకరం ఉన్నది ఆమెకు. దాని కౌలు ఇన్నేళ్ళూ ఉమ్మడి ఖాతాలో పడేది. తన ఒక్కతె పేర ఖాతా తెరిచి, కౌలుదారుకు ఆ నంబరు ఇచ్చింది. సందేశాలు తన ఫోనుకే వచ్చేటట్టు వ్రాయించుకున్నది. నామినీగా నా పేరు పెట్టిందని, నాతో సంతకం పనేమీ లేదనీ సాయంత్రం కాఫీ ఇస్తూ చెప్పింది.

మొన్న మంగళవారం ఆవిడ బజారుకు వెళ్ళింది. చీకటి పడుతున్నా రాలేదు. ఫోను చేతిలోకి తీసుకొని చూస్తే, పెన్షను పడిందన్న పాత సందేశమొక్కటే ఉన్నది. గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాను.